విలన్ చెయ్యి ఎక్కడుందో చూడు

టోక్యోలో ఇచిగాయా అని ఒక పేట. అక్కడ ఒక చిన్న గది. పేరు చాక్లెట్ స్క్వేర్. రింగు పట్టేంత చోటు కూడా ఉండదు. తాళ్ళు లేవు, స్తంభాలు లేవు. నేలమీద మ్యాట్ పరిచి ఉంటుంది, పక్కన గోడ, ఆ గోడకు కిటికీలు. ఆ గదిలోనే ప్రో రెజ్లింగ్ జరుగుతుంది. రెజ్లర్లు కిటికీ గట్టు ఎక్కి అవతలివాడి మీదికి దూకుతారు. మామూలు రోజుల్లో జనం కొంతమంది కిటికీల బయట నిలబడి లోపలికి చూస్తారు. ఎమి సకురా అనే ఆవిడ నడిపే 'గాటో మూవ్' అనే చిన్న కంపెనీ ఇల్లు అది. 2020 మార్చిలో కరోనా వచ్చి జనం గుమిగూడే వీలు లేనప్పుడు వాళ్ళు 'చాకోప్రో' అని పేరు పెట్టి, అదే గదినుంచి ఆటను యూట్యూబ్‌లో ఉచితంగా లైవ్ ఇవ్వడం మొదలుపెట్టారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మనకు లాక్‌డౌన్. నేను అప్పుడు పదో తరగతి. పరీక్షలు వాయిదా వేశారు, తర్వాత మొత్తానికే రద్దు చేశారు. మా ఊరు ఆదోని, ఎమ్మిగనూరు రోడ్డు మీద ఉంటుంది. ఈ రెండు ఊళ్ళ మధ్య దూరం దాదాపు 30 కిలోమీటర్లు. పత్తి అమ్మాలంటే ఆదోని, బట్ట కొనాలంటే ఎమ్మిగనూరు. నాన్న ఆదోని పత్తి మార్కెట్లో ఒక మండీలో గుమాస్తా. మార్కెట్ మూతపడటంతో ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే స్మార్ట్‌ఫోను. నాన్నకు ఫోన్లు రావడం మానేశాయి కాబట్టి అది నా చేతికి వచ్చింది.

డబ్ల్యూడబ్ల్యూఈ క్లిప్పులు చూస్తూంటే ఒకరోజు యూట్యూబ్ తనంతట తానే ఈ గదిని చూపించింది. జపాన్ వాళ్ళ మధ్యలో మనవాడొకడు కనిపించాడు. పేరు బలియాన్ అక్కి. భారతదేశం నుంచి అంత దూరం పోయి, ఇంత చిన్న గదిలో, ఇంత కష్టపడి కిందపడుతున్నాడు ఎందుకు అనిపించింది. ఆ ప్రశ్నతో మొదలై, వేసవి అయ్యేలోపు జపాన్ చిన్న కంపెనీల పాత వీడియోలన్నీ చూసేశాను.

ఇక్కడ కొంచెం చెప్పాలి. జపాన్‌లో పెద్ద కంపెనీలు ఉన్నాయి. ఆంటోనియో ఇనోకి 1972లో పెట్టిన న్యూ జపాన్ లాంటివి. వాటి పక్కన పదుల సంఖ్యలో ఇండిపెండెంట్ కంపెనీలున్నాయి. అభిమానులు 'ఇండీ' అంటారు. 1989లో అత్సుషి ఒనిటా ఎఫ్.ఎం.డబ్ల్యూ. అనే కంపెనీ పెట్టి ముళ్ళకంచెలతో, పేలుళ్ళతో జనాన్ని లాగాక ఈ చిన్న కంపెనీలకు ఊపు వచ్చింది. ఇప్పుడు షాపింగ్ వీధుల్లో, చిన్న చిన్న హాళ్ళలో, వంద కుర్చీలు వేసుకుని ఆడేస్తారు. రింగు వాళ్ళే బిగిస్తారు, వాళ్ళే విప్పుతారు. ఆట అయిపోయాక టేబుల్ వేసుకుని టీషర్టులు కూడా వాళ్ళే అమ్ముకుంటారు. ఇందాక కుర్చీతో కొట్టి అందరినీ భయపెట్టిన మనిషే వంగి దండం పెట్టి చిల్లర లెక్కపెట్టి ఇస్తాడు. మన ఊరి నాటక సమాజాలను చూసినవాళ్ళకు ఇదేమీ కొత్తగా ఉండదు.

ఇక ఆటలో కొత్తవాడి సంగతి. అక్కడ కొత్తవాడికి మొదట నేర్పేది కొట్టడం కాదు, పడటం. దాన్ని 'ఉకెమి' అంటారు. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల వెనక్కి పోకూడదు, ఊపిరి వదలాలి, రెండు చేతులూ చాచి అరచేతులతో మ్యాట్‌ను చరచాలి. మన ఫస్ట్ సెమిస్టర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి. దెబ్బ ఒక్కచోట పడితే ఎముక, ఒళ్ళంతా పరుచుకుంటే చప్పుడు. నెలల తరబడి ఇదే పని. వందల కొద్దీ గుంజీలు, డోజో ఊడవడం, సీనియర్లకు వంట చేయడం, మళ్ళీ పడటం. పెద్ద కంపెనీల్లో ఇలాంటివాళ్ళను 'యంగ్ లయన్' అంటారు. నల్ల లాగు, నల్ల బూట్లు, గుండుకు దగ్గరగా కత్తిరించిన జుట్టు. రంగు బట్టలు లేవు, బిరుదులు లేవు. నాలుగైదు పట్లు మాత్రమే వాడనిస్తారు. చాలా ఆటలు బోస్టన్ క్రాబ్‌తో ముగుస్తాయి. అంటే బోర్లా పడుకోబెట్టి, రెండు కాళ్ళూ వెనక్కి మడిచి, నడుము మీద కూర్చోవడం. కొత్తవాడు ఓర్చుకోగలిగినంత ఓర్చుకుని చివరికి చెయ్యి తట్టి ఒప్పుకుంటాడు. అతను మొదటి ఏడాదంతా ఓడిపోతూనే ఉంటాడు. ఓడిపోతాడని టికెట్టు కొన్న ప్రతివాడికీ తెలుసు. అయినా వస్తారు. ఈసారి ఎంతసేపు నిలబడతాడో చూడటానికి వస్తారు.

అతనికి ఎదురు విలన్. జపాన్ భాషలో 'అకుయాకు', చెడ్డ వేషం. ఈ విలన్లలో పేరుమోసినవాడు ఒక మనదేశస్థుడే. పంజాబ్‌లో పుట్టి కెనడా చేరిన టైగర్ జీత్ సింగ్. తలపాగా, పంటి కింద కత్తి, ఎదురైన ప్రేక్షకుణ్ణల్లా తరమడం. 1973లో టోక్యో షింజుకు వీధిలో, పట్టపగలు జనం మధ్య, భార్యతో వెళుతున్న ఇనోకి మీద పడి కొట్టాడు. వ్యవహారం పోలీసుల దాకా వెళ్ళింది. జపాన్‌లో ఒక తరం పిల్లలు ఆయన పేరు చెబితే దడుచుకున్నారు. తర్వాత ఒనిటా ఎఫ్.ఎం.డబ్ల్యూ.కి కూడా వెళ్ళి అక్కడా అదే పని చేశాడు. ఇదే మనిషి పేరు కెనడాలో ఒంటారియోలోని మిల్టన్ ఊళ్ళో ఒక ప్రభుత్వ పాఠశాలకు పెట్టారు. చేసిన సేవా కార్యక్రమాలకు గౌరవంగా. ఆ బడి పిల్లలకు ఆయన మంచి తాత.

మా ఇంట్లో కూడా ఒక విలన్ ఉండేవాడు. మా నాన్నవాళ్ళ నాన్న. మేము 'అబ్బ' అంటాం. వయసులో ఉన్నప్పుడు అబ్బ దుర్యోధనుడి వేషం కట్టేవాడు.

మా వైపు సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. గీత మారినంత మాత్రాన మనుషులు మారరు కదా. ఊళ్ళల్లో సగం మాట తెలుగు, సగం మాట కన్నడం. ఆట కూడా అంతే. కన్నడ బయలాటా ఆడతారు, తెలుగు పద్యనాటకమూ ఆడతారు. తెలుగు నాటకానికి పెద్దదిక్కులైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్ళారి రాఘవ ఆ బళ్ళారి మనుషులే. రాఘవకు పేరు తెచ్చిన వేషాల్లో దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు ఉన్నారు. అబ్బ ఆయన్ను చూడలేదు. రాఘవ 1946లోనే పోయాడు. కానీ అబ్బకు నేర్పిన హార్మోనియం మాస్టరు మాత్రం ఊరికే ఆయన పేరు తలుచుకునేవాడట. "రాముడి వేషానికి రూపముంటే చాలు, రావణుడి వేషానికి మనిషి కావల్ల" అనేవాడట.

లాక్‌డౌన్‌లో అబ్బకు పొద్దు గడిచేది కాదు. రచ్చకట్ట దగ్గర కూర్చోనివ్వరు. నేను మంచం మీద పడుకుని ఫోను చూస్తూంటే ఒకరోజు వచ్చి కూర్చున్నాడు.

"ఏందప్పా అది, కుస్తీనా?"

"కుస్తీ మాదిరి, అబ్బా. కానీ ఎవరు గెలవల్లనో ముందే అనుకోనింటారు."

"అట్లయితే నాటకం."

"ఆఁ, నాటకమే అనుకో."

"మరి పద్యాలేవి?" అన్నాడు. నవ్వుతాడేమో అని చూశా. నవ్వలేదు. నిజంగానే అడిగాడు.

ఆ రోజు చూసింది ఒక చిన్న కంపెనీ పాత వీడియో. పేర్లన్నీ జపాన్ లిపిలో ఉన్నాయి, నాకు చదవడం రాదు. కొత్తవాడు సన్నగా, నల్ల లాగులో, భయం భయంగా నాలుగు వైపులా తిరిగి దండం పెట్టాడు. కొందరు రంగు కాగితపు రిబ్బన్లు విసిరారు. అక్కడ అది అలవాటు, మన నాటకాల్లో చదివింపుల మాదిరి. తర్వాత విలన్ వచ్చాడు. లావుపాటి మనిషి, ముఖానికి రంగు, చేతిలో వెదురు కత్తి. గంట కొట్టకముందే కొత్తవాడి మీద పడ్డాడు. రింగు బయటికి లాగి కుర్చీల మీదికి విసిరాడు. జనం లేచి పక్కకు పరుగెత్తారు. ఖాళీ అయిన కుర్చీలో తాను దర్జాగా కూర్చుని రెఫరీ అంకెలు లెక్కపెట్టడం చూస్తూ చప్పట్లు కొట్టాడు. బయట ఉండటానికి 20 అంకెలు గడువు. కొత్తవాడు పాకుతూ పాకుతూ 19 దగ్గర లోపల పడ్డాడు.

జనం మొత్తం వాడి పేరు అరవడం మొదలుపెట్టారు. వాడు లేచి విలన్ ఛాతీ మీద మోచేత్తో కొట్టాడు. విలన్‌కు చీమ కుట్టినట్టు కూడా లేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఛాతీ ముందుకు పెట్టి, కొట్టు కొట్టు అన్నట్టు తల ఊపాడు. వాడు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. విలన్ ఒక్కటి తిరిగిచ్చాడు, అరచేత్తో, ఛాతీ మీద. ఆ చప్పుడు మా ఇంటి పసారాలో కూడా మోగింది. కొత్తవాడు పడ్డాడు. విలన్ వాడి జుట్టు పట్టుకుని చెంప మీద ఒకటి వేసి ఏదో అరిచాడు. ఎత్తి మ్యాట్‌కేసి కొట్టాడు.

నేను "అయ్యో" అన్నాను. అబ్బ మాత్రం, "ఆపు, ఆపు. కొంచెం ఎనక్కి పో" అన్నాడు. వెనక్కి జరిపి మళ్ళీ చూపించాను.

"ఆ లావాయన చెయ్యి యాడుందో సూడు."

చూశాను. ఎత్తినప్పుడు ఒక చెయ్యి నడుము కింద ఉంది. ఇంకో చెయ్యి పిల్లవాడి మెడ వెనకాల ఉంది. మ్యాట్ తగిలేదాకా అది అక్కడే ఉంది.

"యిసిరినట్ల కనపడతాంది. దించుతాండాడు" అన్నాడు అబ్బ.

ఆ తర్వాత ఆటంతా నాకు వేరేగా కనిపించింది. బోస్టన్ క్రాబ్ పట్టినప్పుడు ఆ లావుపాటి మనిషి కొత్తవాడి నడుము మీద పూర్తిగా కూర్చోలేదు. మోకాళ్ళు వంచి తన బరువు తానే మోసుకుంటున్నాడు, తొడలు వణుకుతున్నాయి. ముఖం మాత్రం పళ్ళు బయటపెట్టి జనాన్ని వెక్కిరిస్తోంది. కొత్తవాడు వేలు వేలు జరుపుకుంటూ తాడు దాకా పోయాడు. అందుకోబోయేటప్పుడు విలన్ వాణ్ణి మధ్యకు లాగాడు. హాలంతా అరుపులు, తిట్లు. వాడు చెయ్యి తట్టి ఒప్పుకున్నాడు. విలన్ పోతూ పోతూ ఇంకో తన్ను తన్నాడు. కొత్తవాడు ఏడుస్తూ లేచి మళ్ళీ నాలుగు వైపులా దండం పెట్టాడు. అప్పుడు పడిన చప్పట్లు గెలిచినవాడికి కూడా పడవు.

"ఆ పిల్లోనికి యీ పొద్దు పేరొచ్చింది. యెవరిచ్చినారు?" అని అడిగి, జవాబు కూడా తానే చెప్పాడు. "ఆ రాక్షసుడే ఇచ్చినాడు."

అప్పుడు చెప్పాడు నాన్న సంగతి. నాన్న గడప దగ్గర కూర్చుని పేపరు చూస్తున్నాడు. వినపడేంత దూరమే.

1990ల్లో ఒక శివరాత్రికి మా ఊళ్ళో కురుక్షేత్రం ఆడారట. భీముడి వేషం వేసే ఆయనకు జ్వరం. నాన్నకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. రిహార్సల్స్ అన్నీ చూసినవాడు, పద్యాలు నోటికి వచ్చు. రంగు పూసి నిలబెట్టారు. ఎదురుగా దుర్యోధనుడు సొంత నాన్న. నాలుగూళ్ళ జనం. మైకు ముందుకు వచ్చి నాన్న నోరు తెరిచాడు. పద్యం రాలేదు. హార్మోనియం మళ్ళీ శ్రుతి ఇచ్చింది. రాలేదు. అప్పుడు అబ్బ గద నేలకేసి కొట్టి, "ఏమిరా భీమా, తిండికి తెరిచిన నోరు మాటకు తెరవదా?" అని మొదలుపెట్టి, కథలో లేని తిట్లు తిట్టాడట. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ తిట్ల చివర, నాన్న మరిచిపోయిన పద్యం మొదటి మాట పెట్టి ఆపాడు. ఆ మాట అందుకుని నాన్న పద్యం ఎత్తుకున్నాడు. చివరిదాకా ఎక్కడా తడబడలేదు. గదాయుద్ధంలో అయితే ఆవేశంతో నిజంగానే కొట్టాడట. అబ్బ తొడ నెలరోజులు కమిలిపోయి ఉండిందని అవ్వ ఇప్పటికీ చెబుతుంది.

కానీ నాన్నకు గుర్తున్నది జనం నవ్వడం ఒక్కటే. ఊరి మధ్యలో సొంత నాన్న తనను నవ్వులపాలు చేశాడనుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ రంగు పూసుకోలేదు. ఇంట్లో నాటకాల ఊసు వస్తే లేచి పోయేవాడు. నేను చిన్నప్పుడు స్కూల్ డ్రామాలో చేరతానంటే, "నాటకాలు కూడు పెట్టవు" అన్నాడు. పాతికేళ్ళ పైగా ఇద్దరూ ఆ రాత్రి గురించి మాట్లాడుకోలేదు.

ఆ సాయంత్రం కూడా మాట్లాడుకోలేదు. నాన్న పేపరు మడిచి లోపలికి పోయాడు. మరుసటి రోజు మధ్యాహ్నం నేను వీడియో పెట్టినప్పుడు మాత్రం వచ్చి అబ్బ పక్కన కూర్చున్నాడు. "ఈయనేనా నిన్నటి లావాయన?" అన్నాడు. అంతే.

ఇప్పుడు మన హాస్టల్ ప్రశ్నకు వద్దాం. రెజ్లింగ్ మాట ఎత్తితే చాలు, "అదంతా ఫేక్ కదరా, డ్రామా" అంటారు. ఆ 'డ్రామా' అనే మాటను తిట్టుగా వాడటం నాకు మింగుడుపడదు.

మా జిల్లాలోనే హొళగుంద మండలంలో దేవరగట్టు ఉంది. విజయదశమి రాత్రి మాళమల్లేశ్వర స్వామి ఉత్సవంలో బన్ని జరుగుతుంది. టీవీలవాళ్ళు కర్రల సమరం అంటారు. పక్క ఊళ్ళవాళ్ళు రెండు వైపులుగా చేరి, ఇనుప రింగులు తొడిగిన కర్రలతో, దివిటీల వెలుగులో, ఉత్సవ విగ్రహాల కోసం తలపడతారు. ఉత్సవం ఎటు మొదలై ఎటు పోయి ఎక్కడ ముగుస్తుందో అక్కడున్న ప్రతి పిల్లవాడికీ తెలుసు. కథ ముందే రాసి ఉంది. పగిలే తలలు మాత్రం నిజం. వందల మంది పోలీసులు నిలబడినా ఏటా గాయాలు తప్పడం లేదు. అంటే ముగింపు ముందే తెలిసినంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. నాకు తేడా కనిపించేది వేరేచోట. చీకట్లో కర్ర ఎవరి తల మీద పడుతుందో కొట్టేవాడికే తెలియదు. రింగులో కొట్టేవాడికి మాత్రం తెలిసి ఉండాలి. అవతలి మనిషి మెడ తన అరచేతిలో ఉంది. రేపు ఇంకో ఊళ్ళో వాడితోనే ఆడాలి. విలన్ వేషంలో ఉన్న పని అది. పైకి ఎంత క్రూరంగా కనిపించాలో, లోపల అంత జాగ్రత్తగా ఉండాలి.

జపాన్ ఆడవాళ్ళ రెజ్లింగ్‌లో ఒక జంట ఉంది. దంప్ మత్సుమొతో, చిగుసా నగాయో. నెట్‌ఫ్లిక్స్‌లో 2024లో వచ్చిన 'ది క్వీన్ ఆఫ్ విలన్స్' మీలో కొందరు చూసే ఉంటారు, ఈ కథే అది. ఇద్దరూ 1980లో ఒకే కంపెనీలో కొత్తవాళ్ళుగా అడుగుపెట్టారు. తర్వాత చిగుసా బడిపిల్లలు పడిచచ్చే హీరోయిన్ అయింది. దంప్ ముఖానికి రంగు పూసుకుని, గొలుసులు, వెదురు కత్తులు పట్టుకుని దేశం మొత్తం అసహ్యించుకునే విలన్ అయింది. 1985 ఆగస్టు 28న ఒసాకాలో ఇద్దరికీ పోటీ. ఓడినవాళ్ళు గుండు కొట్టించుకోవాలని పందెం. రక్తం కారుతున్న చిగుసాను కూర్చోబెట్టి జుట్టు కత్తిరిస్తూంటే హాల్లో ఆడపిల్లలు గుండెలు బాదుకుని ఏడ్చారు. మరుసటి ఏడాది నవంబరులో మళ్ళీ పోటీ పెట్టి ఈసారి దంప్ గుండు కొట్టించుకుంది. ఒకరి జుట్టు ఒకరు తీసుకున్నారు అంటే తప్పు. ఒకరికొకరు ఇచ్చుకున్నారు. దంప్ లేకపోతే చిగుసా కోసం ఏడ్చే కారణమే లేదు.

ఇంతవరకే అయితే ఇది ముచ్చటైన కథ. కానీ 2020 మే 23న, నేను అబ్బతో కూర్చుని ఈ వీడియోలు చూస్తున్న రోజుల్లోనే, హనా కిమురా చనిపోయింది. వయసు 22. తల్లి క్యోకో కిమురా కూడా రెజ్లరే. హనా గులాబీ రంగు జుట్టుతో, రింగులో గడుసు వేషాలు వేసే అమ్మాయి. 'టెరేస్ హౌస్' అనే టీవీ రియాలిటీ షోలో పాల్గొంది. ఒక ఎపిసోడ్‌లో, తన రెజ్లింగ్ దుస్తులు ఉతుకులో పాడైపోయాయని తోటి కుర్రాడి మీద కోప్పడింది. ఆ ముక్కను పట్టుకుని ఇంటర్నెట్‌లో వందల మంది రోజుల తరబడి ఆమెను తిట్టారు. పేర్లు లేవు, ముఖాలు లేవు. ఆ తిట్ల మధ్యే ఆమె తన ప్రాణం తానే తీసుకుంది. తర్వాత తల్లి పోరాడింది. 2022లో జపాన్ చట్టం మార్చి, ఇలా అవమానించినవాళ్ళకు ఏడాది దాకా జైలు పడేలా చేసింది.

అబ్బకు ఈ వార్త చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

అబ్బను కూడా ఊరంతా తిట్టేది. ద్రౌపదిని సభకు ఈడ్పించే ఘట్టంలో ఆడవాళ్ళు లేచి, "నీ నోట్లో మన్ను బడ, నీ చేతులిరిగిపోను" అని మెటికలు విరిచేవాళ్ళు. మన్ను తీసి నిజంగా విసిరినవాళ్ళూ ఉన్నారు. అబ్బ ఆ మన్ను దులుపుకోకుండా ఇంకొంచెం గట్టిగా నవ్వేవాడు. తెల్లారి ఇంకా ముఖాన రంగు పూర్తిగా పోకముందే, రాత్రి తిట్టిన ఆడవాళ్ళే చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చేవాళ్ళట. "రాత్రంతా అరిచినావు, గొంతు ఎండిపోయింటుంది, తాగు దుర్యోధనన్నా" అనేవాళ్ళట.

అందుకే కాబోలు, అబ్బ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "తిట్టినోళ్ళు తెల్లారి ఆ పాప యింటికి పోలేదా?"

నేను ఏం చెప్పగలను? వాళ్ళకు ఆమె ఇల్లు ఎక్కడుందో తెలియదు. ఆమెకు వాళ్ళెవరో తెలియదు. ఫోనులో తెల్లవారదు.

ఇచిగాయా గదిలో, వంద కుర్చీల హాల్లో, మా ఊరి శివరాత్రి పందిట్లో ఉన్నదేమిటి, ఇంటర్నెట్‌లో లేనిదేమిటి అని అప్పటినుంచి ఆలోచిస్తూ ఉన్నాను. తిట్టడం అన్నిచోట్లా ఉంది. తిట్టకపోతే విలన్‌కు ఆట లేదు. కానీ అక్కడ ఆట ఎప్పుడు ముగిసిందో అందరికీ తెలుసు. గంట కొడతారు, లేదా మంగళం పాడతారు. ఆ తర్వాత విలన్ టీషర్టులు అమ్ముకునే మనిషి, మజ్జిగ తాగే మనిషి. విలన్ కొత్తవాడి మెడ కింద చెయ్యి పెడతాడు. మరి విలన్ మెడ కింద చెయ్యి పెట్టాల్సింది ఎవరు? చూసేవాళ్ళే. ఆ లావుపాటి మనిషి తన పని తాను చేశాడు. మిగతా సగం పని కుర్చీల్లో ఉన్నవాళ్ళది.

అబ్బ 2022లో పోయాడు. చావుకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. ఒక ముసలావిడ, ఒకప్పుడు అందరికంటే ఎక్కువ మన్ను విసిరిన మనిషట, కాళ్ళ దగ్గర కూర్చుని "మా దుర్యోధనుడు పోయినాడే" అని ఏడ్చింది. నాన్న ఆమె పక్కన కూర్చున్నాడు. పన్నెండో రోజు అటక మీద నుంచి రేకు కిరీటం, కొయ్య గద దించాడు. గద మీద రంగు పెచ్చులూడిపోయింది. ఎమ్మిగనూరు పోయి బంగారు రంగు డబ్బా తెచ్చి, రెండు పూటలు కూర్చుని పూశాడు. ఎవరికని నేను అడగలేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మన కాలేజీయే. పోయిన ఏడాది ఫెస్ట్‌లో ఒక ఫస్ట్ ఇయర్ తమ్ముడు స్కిట్‌లో విలన్‌గా వేశాడు. వాడికి అదే మొదటి స్టేజీ. బాగా చేశాడు. ఎంత బాగా అంటే, హాలంతా ఊగిపోతూ తిట్టింది. వాడి ముఖంలో ఆ రోజు వెలుగు చూసినవాళ్ళం మేం కొందరమున్నాం. కానీ వాడి ఒక్క డైలాగు, ఒక్క ముఖం కత్తిరించి మీమ్ చేశారు. రెండు రోజులు నవ్వుకుంటే సరదా. మూడు నెలలు నడిచింది. మెస్‌లో, బస్సులో, ల్యాబ్‌లో వాడు కనబడితే ఆ డైలాగే. స్కిట్ ముగిసిందని ఎవరూ గంట కొట్టలేదు. వాడు క్లబ్బుకు రావడం మానేశాడు.

ఈ ఏడాది ఫెస్ట్‌కు మన క్లబ్బు గదాయుద్ధం ఘట్టం వేద్దామనుకుంటోంది. భీముడికి పది పేర్లు వచ్చాయి. దుర్యోధనుడికి ఒక్కటీ రాలేదు. పోయిన వారం ఆ తమ్ముణ్ణి క్యాంటీన్‌లో పట్టుకున్నాం. టీ చెప్పి, విషయం చెప్పాం. మా ఇంట్లో గద ఉందని, కొత్తగా రంగు కూడా వేసి ఉందని చెప్పాను. భీముడు వేసేవాడు పూర్తిగా కొత్త, పద్యం మరిచిపోయినా మరిచిపోతాడు, ఎదురుగా గట్టి మనిషి ఉండాలి అన్నాను.

వాడు టీ తాగినంతసేపు ఏమీ మాట్లాడలేదు. గ్లాసు కింద పెట్టి, "ఆ పద్యం మొదటి మాట ఏందన్నా?" అని అడిగాడు.